నల్లరేగడి దారిలో ర్యాలీ సైకిలు

కంగ్టి మండలంలో పెద్ద వాన పడ్డ మర్నాడు సైకిలు మనిషిని మోయదు. మనిషే సైకిల్‌ను భుజానికెత్తుకుని నడవాలి. తడిసిన నల్లరేగడి టైరును పట్టుకుంటే వదలదు. పది గజాలు పోయేసరికి మడ్గార్డుకూ చక్రానికీ మధ్య సందంతా మట్టితో నిండి చక్రం తిరగడం మానేస్తుంది. దిగాలి, పుల్లతో గీకాలి, మళ్లీ ఎక్కాలి, ఇంకో పది గజాలకు మళ్లీ దిగాలి. ఊళ్లలోకి తారు రోడ్లు రాకముందు ఈ ప్రాంతంలో సైకిలు ఉన్న ప్రతివాళ్లూ పడ్డ పాట్లివి. ఎండాకాలంలో అదే నేల నెర్రెలు విచ్చుతుంది. ముందు చక్రం నెర్రెలో పడిందంటే రిమ్ము వంకర పోయినట్టే.

ఆ దారుల్లో తిరిగిన సైకిళ్లు కొన్ని ఇంకా ఈ పల్లెల్లో ఉన్నాయి. పశువుల కొట్టంలో వాసానికి వేలాడుతూనో, పాత గడ్డపారల వెనక గోడకు ఆనించో కనిపిస్తాయి. తడ్కల్ వైపు ఒక ఊళ్లో అలాంటి ఫ్రేమ్ ఒకటి బయటికి వచ్చింది. దాన్ని విప్పి, అతికి, మళ్లీ దారి మీదికి తెచ్చే పనిని దగ్గరుండి చూశాను. ఆ ఫ్రేమ్ మీద పడ్డ ప్రతి దెబ్బకూ ఈ నేలతో సంబంధం ఉంది. అందుకే ముందు నేల సంగతి చెప్పాలి.

కంగ్టి సంగారెడ్డి జిల్లా కొసన ఉంటుంది. పడమటికి పోతే కర్ణాటకలోని ఔరాద్ తాలూకా, ఉత్తరాన జుక్కల్ దాటితే మహారాష్ట్రలోని దెగ్లూర్. అంగడిలో ఒకే మిర్చి కుప్ప ముందు తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ వినబడతాయి. బేరం ఏ భాషలో మొదలవుతుందో ఆ భాషలోనే తెగాలన్న నియమం లేదు. 1956 నవంబరు 1కి ముందు ఇది హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో ఆ జిల్లా మూడు ముక్కలైంది. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. బీదర్ పట్టణంతో సహా పెద్ద భాగం మైసూరుకు పోయింది. నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాద్ తాలూకాలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోకి, మెదక్ జిల్లాలోకి వచ్చాయి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మెదక్‌తో ఉన్న ఆ ముడి కూడా వీడింది. ఇక్కడి తొంభై ఏళ్ల ముసలామె గుమ్మం దాటకుండానే మూడు జిల్లాల మనిషి అయింది.

ఈ సైకిలు కూడా బీదర్ కాలం నాటిదే. ఇంటివాళ్లు చెప్పేదాన్ని బట్టి, బడిపంతులుగా పనిచేసిన తాత దాన్ని బీదర్ బజారులో కొన్నాడు. అప్పట్లో కచేరీ పనికైనా, పెళ్లి బట్టలకైనా, పెద్ద సామానుకైనా ఇక్కడివాళ్లు చూసే వైపు బీదరే. వికారాబాద్ మీదుగా బీదర్‌కు 1930ల తొలినాళ్లలోనే రైలు వచ్చింది. కంగ్టికి ఇప్పటికీ రైలు లేదు. రైలు దిగిన సరుకు బండ్ల మీద పల్లెలకు చేరేది, సైకిలు మాత్రం కొన్నవాడే తొక్కుకుంటూ తెచ్చుకునేవాడు.

ఆ రోజుల్లో ఊరికి ఒకటో రెండో సైకిళ్లు. పంతులుకు, పోస్టుమ్యాన్‌కు ఉండేవి. తర్వాత తర్వాత పెళ్లికొడుక్కి పెట్టేవాటిలో వాచీ, రేడియో పక్కన సైకిలు చేరింది. కొనలేని వాళ్లకు సైకిల్ టాక్సీ ఉండేది. గంటకింత అని కిరాయి కట్టి తీసుకోవడం, ఆలస్యమైతే దుకాణం ముందు మాట పడటం ఒక తరం మొత్తానికి తెలుసు. పిల్లలకు సీటు అందదు కాబట్టి కైంచీ తొక్కుడు నేర్చుకునేవాళ్లు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి సీటు మీద, కుడికాలు ఫ్రేమ్ త్రికోణంలోంచి దూర్చి అవతలి పెడల్ మీద వేసి, ఒళ్లంతా ఒకవైపు వంచి తొక్కడం అది. పెద్దవాళ్ల కోసం చేసిన ఫ్రేమ్‌లో పిల్లలు తమకు కావలసిన సందు తామే వెతుక్కున్నారు. ఈ ఫ్రేమ్ కింది పైపు మీద, పిక్క రాసుకునే చోట, రంగు పూర్తిగా పోయి ఇనుము నున్నగా అయింది. అది తుప్పు తిన్న చోటు కాదు, ఒంటి చర్మం అరగదీసిన చోటు. ఆ ఇంట్లో ఎంతమంది పిల్లలు దాని మీద నేర్చుకున్నారో ఆ నునుపే చెబుతుంది.

పాత సైకిలు బాగుచేయడం అనగానే మన దినపత్రికల్లో పడమటి దేశాల రేసు సైకిళ్ల బొమ్మలే వస్తాయి. వంపు తిరిగిన హ్యాండిల్, సన్నని టైరు, రెనాల్డ్స్ 531 పైపులతో చేసిన తేలికపాటి ఫ్రేమ్. 1935లో వచ్చిన ఆ మాంగనీసు, మాలిబ్డినం ఉక్కు పైపులు దశాబ్దాల పాటు రేసు సైకిళ్లను మోశాయి. ఇటలీలో గయోలె ఇన్ కియాంతి అనే చిన్న ఊళ్లో 1997 నుంచి లెరోయికా అనే సైకిల్ యాత్ర జరుగుతోంది. 1987కు ముందు నాటి సైకిళ్లకే అందులో చోటు. టస్కనీ ప్రాంతపు తెల్ల కంకర దారులను తారు కింద పడకుండా కాపాడుకోవాలన్న పట్టుదలతో మొదలైన పని అది. దారినీ సైకిల్‌నీ విడదీయకుండా చూడటం నాకు ఆ యాత్రలో నచ్చిన గుణం. కంగ్టి వైపు దారి తెల్లది కాదు, నల్లది. ఇక్కడి రోడ్ సైకిలు కూడా వేరు.

మన నల్ల సైకిలును ప్రపంచం రోడ్‌స్టర్ అంటుంది. 28 అంగుళాల చక్రాలు, ఒకటిన్నర అంగుళం వెడల్పు టైర్లు, తీగకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు, పూర్తిగా కప్పిన చెయిను. రేసు ఫ్రేమ్‌లో ముందు పైపు దాదాపు 73 డిగ్రీల కోణంలో నిలబడితే, దీనిలో 68 డిగ్రీలకు కాస్త అటూఇటూగా వెనక్కి వాలి ఉంటుంది. చక్రాల మధ్య దూరం ఎక్కువ. అందువల్ల గతుకుల్లో దడదడ తగ్గుతుంది, హ్యాండిల్ నిలకడగా ఉంటుంది, క్యారియర్ మీద బస్తా వేసినా ముందు చక్రం లేవదు. ఇంగ్లండు పల్లెదారుల కోసం రూపుదిద్దుకున్న ఈ కొలతలు దక్కను బండిబాటకు కుదిరిపోయాయి. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో, మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులిస్ తయారుచేసిన టీఐ సైకిల్స్, అందరూ ఆ కొలతలనే పట్టుకున్నారు. ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ కర్మాగారం ఇదే పని చేసింది. అట్లాస్ చివరి కర్మాగారం సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం.

ఇక మన ఫ్రేమ్ దగ్గరికి వద్దాం. ముందు పైపు మీద ఉండాల్సిన బిళ్ల ఊడిపోయింది, రివెట్ల రంధ్రాలు మిగిలాయి. ఇంటివాళ్లు దాన్ని ‘ర్యాలీ’ అంటారు. 1887లో నాటింగ్‌హామ్ నగరంలో రాలీ వీధిలో మొదలై, ఆ వీధి పేరే పెట్టుకున్న కంపెనీ అది. తెలంగాణ పల్లె నోట్లో ర్యాలీ అయింది. కానీ బిళ్ల లేని నల్ల ఫ్రేమ్‌ను చూసి ఎవరైనా ఏ పేరైనా చెప్పొచ్చు. దాన్ని తేల్చింది నారాయణఖేడ్‌లో ఒకప్పుడు సైకిల్ టాక్సీ నడిపిన ఒక పెద్ద మేస్త్రీ. అందరూ చాచా అని పిలుస్తారు. ఇప్పుడు మోటారు బైకుల పంచర్లు వేస్తాడు, సైకిలు పని ఎవరైనా తెస్తే కాదనడు.

మొదట కాటరు పిన్నులు. పెడల్ కాడను ఇరుసుకు బిగించే ఆ చిన్న మేకులు దశాబ్దాల తుప్పుతో ఇరుసుతో ఏకమైపోయాయి. పైనుంచి సుత్తితో బాదితే మేకు ముందు వంగుతుంది, ఆ దెబ్బ ఇరుసు మీదుగా పోతే లోపలి ఛర్రాలు, అంటే ఉక్కు గుళ్లు, కప్పుల్లో గుంటలు పెడతాయి. చాచా రాత్రంతా కిరోసిన్ పట్టించాడు. తెల్లారి కాడ కింద ట్రాక్టర్ పాత ఇనుప ముక్కను దన్నుగా నిలిపి, ఒకే దెబ్బ వేశాడు. బరువు కింద ఉంటే దెబ్బ ఇరుసుకు పోదు, మేకుకే తగులుతుంది. రెండోది మొండికేసింది, దాన్ని డ్రిల్లుతో తొలిచి తీయాల్సి వచ్చింది.

తర్వాత ఇరుసు కప్పులు. చెయిను వైపు కప్పు దగ్గర ఊళ్లోని కుర్రాడెవరో అంతకుముందే ప్రయత్నించిన గుర్తులున్నాయి, అంచులు రేకులు లేచాయి. “ఇటు ఉల్టా మర ఉంటది సార్. అందరి లెక్క ఎడమకు తిప్పితే ఇంకా బిగుసుకుంటది, కుడికి తిప్పాలె” అన్నాడు చాచా. అలా ఎందుకు చేశారంటే, ఇరుసు తిరుగుతున్నప్పుడు ఛర్రాల మీద పడే బరువు కప్పును ఇరుసుకు ఎదురు దిక్కులో కొద్దికొద్దిగా నెడుతుంది. మామూలు మర అయితే తొక్కుతూ పోగా అది వదులై ఊడుతుంది. ఉల్టా మర వల్ల ఆ నెట్టుడే కప్పును బిగిస్తుంది. ఎడమ పెడల్‌కు ఉల్టా మర పెట్టడం వెనక ఉన్నదీ ఇదే లెక్క. గోడకు కట్టిన వైసు పట్టకారులో కప్పును బిగించి, ఫ్రేమ్ మొత్తాన్ని స్టీరింగు తిప్పినట్టు కుడికి తిప్పితే, కీచుమంటూ కదిలింది.

ఆ కప్పును చేతిలోకి తీసుకుని చాచా తన డబ్బాలోంచి కొత్త లూధియానా కప్పు ఒకటి తీశాడు. రెంటి మరలనూ ఒకదానికొకటి ఆనించి ఆకాశం వైపు పెట్టి చూపించాడు. మొదటి రెండు మూడు పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాయి, తర్వాత జారి, సందులోంచి వెలుతురు కనిపించింది. మామూలు సైకిళ్లకు అంగుళానికి 24 మరలు. నాటింగ్‌హామ్ ర్యాలీ మాత్రం తన పాత ఫ్రేమ్‌లకు 26 పెట్టింది, బయటి కంపెనీల సామాను తమ సైకిలుకు పట్టకుండా. ఇంటివాళ్ల మాట నిజమని తేలింది. అదే సమయంలో ఒక చిక్కు కూడా వచ్చిపడింది, బజారులో దొరికే కప్పులేవీ దీనికి పనికిరావు. బలవంతంగా బిగిస్తే ఎక్కుతుంది, కానీ ఫ్రేమ్ మరలు చెడిపోతాయి. ఒకసారి చెడితే అంతే. పాత కప్పులనే శుభ్రం చేసి, గుంటలు పడని వైపు బరువు పడేలా తిప్పి బిగించడం, కొత్త ఛర్రాలు వేయడం ఒక్కటే దారి. చాచా అదే చేశాడు.

కప్పు ఊడగానే ఇరుసు గూట్లోంచి ఒక ముద్ద రాలింది. నల్లరేగడి. ఏళ్ల తరబడి చేరిన మట్టి, గ్రీజు, జొన్న పొట్టు కలిసి రాయిలా గట్టిపడ్డాయి. సీటు పైపు, కింది పైపు, వెనక పైపులు అన్నీ కలిసే పల్లం అది, లోపలికి దిగిన నీళ్లన్నీ చేరేది అక్కడికే. నల్లరేగడి తడిని పట్టి ఉంచుతుంది. ఆ గుణం వల్లే కదా కంగ్టి రైతు వానాకాలంలో నేల తాగిన నీటితో యాసంగిలో శనగ, జొన్న తీస్తాడు. పంటను బతికించే ఆ చెమ్మే పైపును లోపలి నుంచి తినేసింది. ఎర్రమట్టి ప్రాంతపు సైకిలుకు ఇంత చేటు జరగదు. మీ ఇంట్లో పాత సైకిలు ఉండి, మీది నల్లరేగడి ఊరయితే, ముందు చూడాల్సింది పైరంగు కాదు, ఈ గూడు.

ఫ్రేమ్ వంకర చూడటానికి చాచా వాడింది నూలు దారం. వెనక చక్రం ఇరుసు కూర్చునే ఎడమ కొక్కెం దగ్గర దారం కట్టి, ముందుకు లాగి, ముందు పైపు చుట్టూ తిప్పి, వెనక్కి తెచ్చి కుడి కొక్కేనికి కట్టాడు. బిగుతుగా లాగాక దారానికీ సీటు పైపుకూ మధ్య దూరం రెండు వైపులా కొలవాలి. ఫ్రేమ్ నిటారుగా ఉంటే రెండూ సమానం. ఇక్కడ ఎడమ వైపు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. “పాల క్యాను ఎప్పుడూ ఒక్క దిక్కే కట్టిండు” అని చాచా తీర్పు. ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. పంతులు తర్వాత కొడుకు దాని మీద పాలు పోశాడు, కుడివైపు ఒకటే క్యాను. ఉక్కుకు ఉన్న మంచితనం ఏమిటంటే, కొలిమి లేకుండానే కొంత వంపును వెనక్కి తీసుకోవచ్చు. బల్లచెక్క దూర్చి, కొద్దిగా నొక్కి, దారం కొలిచి, మళ్లీ నొక్కి, ఆ తేడాను దాదాపు పోగొట్టాడు. మొత్తం పోగొట్టలేదు. అంతకంటే నొక్కితే పాత అతుకు లేస్తుందని భయం.

ఆ అతుకు సంగతే ఈ ఫ్రేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. సీటు కింద, పైపులు కలిసే చోట ఉండే తొడుగును లగ్గు అంటారు. పైపును దాంట్లో దూర్చి, సందులోకి కరిగిన ఇత్తడిని పంపితే జాయింటు అవుతుంది. ఎప్పుడో ఆ లగ్గు దగ్గర పైపు చిట్లితే, ఎవరో దాన్ని ఇత్తడితో అతికారు. లగ్గు అంచున ఒక పసుపు ముద్ద, ఇంకా మెరుస్తూ ఉంది. అందంగా లేదు, గట్టిగా ఉంది. అతికినవాడికి పని తెలుసు. వెలిగారం పొడి చల్లి, ఇనుము నారింజ రంగుకు తిరిగేదాకా కాచి, ఇత్తడి తీగను తాకిస్తే, అది దాదాపు 900 డిగ్రీల దగ్గర కరిగి, వేడి ఎటుంటే అటు పాకి, సన్నని సందులోకి తనంతట తాను ఇంకుతుంది. వెలిగారం లేకపోతే ఇనుము మీద పొర కట్టి ఇత్తడి పైపైనే ఉండిపోతుంది. బంగారం పనికి కంసాలి వాడే వెలిగారమే ఇదీ.

ఇప్పుడు వెనక కొక్కెం దగ్గర కొత్త చిట్లు ఒకటి కనబడింది. ఈ రోజుల్లో ఏ ఊళ్లోనైనా కరెంటు వెల్డింగు దొరుకుతుంది, ట్రాలీలకు, నాగళ్లకు అదే వాడతారు. సైకిలు ఫ్రేమ్‌కు అది పెట్టొద్దని గట్టిగా చెప్పాలి. మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ మందం ఉన్న పైపుకు ఆ సెగ రంధ్రం చేస్తుంది, చేయకపోయినా అతుకు పక్కన ఇనుము పెళుసెక్కి కొద్ది నెలల్లో అక్కడే విరుగుతుంది. అంతకుముందు ఇత్తడి అంటిన చోటైతే మరీ ప్రమాదం, కరిగిన ఇనుములోకి ఇత్తడిలోని రాగి దిగి లోపలే పగుళ్లు వేస్తుంది. చాచా ఫ్రేమ్‌ను గ్యాసు వెల్డింగు చేసే ఒక పాతకాలపు మేస్త్రీ దగ్గరికి పంపాడు. ఆయన దగ్గర వెలిగారం డబ్బా ఉంది. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది.

రంగు దగ్గర వాదన జరిగింది. ఇంటి మనవడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు, పూర్తిగా గీకించి, కొత్తగా నల్లరంగు కొట్టించి, మెరిసేలా చేద్దామన్నాడు. ఫ్రేమ్ పైన నీలం ఆయిల్ పెయింటు ఉంది, తలుపులకు వేసేది. దాని కింద ఆకుపచ్చ. ఆ రెండు పొరలనూ తడి గరుకు కాగితంతో మెల్లగా తోముతుంటే కింద కంపెనీ కొలిమిలో కాల్చిన నల్లరంగు బయటపడింది, దాని మీద వెంట్రుకంత సన్నని బంగారు గీత. చేత్తో గీసిన గీత. సరిగ్గా ఈ సమయానికి పై పైపు మీద మరోటి కనిపించింది. తెల్ల రంగుతో ఉర్దూ లిపిలో రాసిన పేరు, పంతులు పేరు, పక్కన ఊరి పేరు. హైదరాబాద్ రాష్ట్రంలో కచేరీ భాష ఉర్దూ. తెలుగు చదువు చెప్పే పంతులు తన సైకిలు మీద పేరు ఉర్దూలో రాయించుకున్నాడు, బీదర్ బజారులో బోర్డులు రాసేవాడికి వచ్చింది అదే కాబట్టి. మనవడికి ఆ అక్షరాలు చదవడం రాదు. చాచా చదివి వినిపించాడు. తర్వాత కొత్తరంగు ఊసు ఎవరూ ఎత్తలేదు.

బీదర్ అంటే బిద్రీ పని గుర్తుకొస్తుంది. జింకు, రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద సన్నని వెండి తీగ పొదిగి, కోట మట్టిలో నవాసారం కలిపి మరిగించి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం నల్లబడదు. నల్లటి ఒంటి మీద సన్నని గీత మెరవడం అనే అందాన్ని ఎన్నో వందల ఏళ్లుగా చూస్తున్న ఊరి బజారులో, నల్ల ఎనామిలు మీద బంగారు గీత ఉన్న ఇంగ్లండు సైకిలు అమ్ముడుపోయింది. బీదర్ వాళ్ల కంటికి అది కొత్తగా అనిపించి ఉండదని నా ఊహ.

ఉన్న రంగును ఉంచాలంటే తుప్పును ఆపే ఉపాయం వేరే కావాలి. యాసిడ్‌లో ముంచితే తుప్పుతో పాటు బంగారు గీత, పేరు కూడా పోతాయి. ఇసుక యంత్రం పెడితే పలుచని పైపు ఇంకా పలుచనవుతుంది. బయట ఇత్తడి బ్రష్షుతో, కిరోసిన్ గుడ్డతో చేయగలిగినంత చేశారు. లోపలి సంగతి ఎలా? ప్రపంచంలో పాత ఫ్రేమ్‌లు బాగుచేసేవాళ్లు పైపుల లోపల అవిసె నూనె పోసి తిప్పుతారు. గాలి తగిలి అది మెల్లగా గట్టిపడి, పలుచని పొరగా ఇనుముకు అంటుకుపోతుంది. ఇది విన్న ఇంటి పెద్దావిడ నవ్వింది. ఈ నల్లరేగడి యాసంగి చేలల్లో శనగ, జొన్న మధ్య సాళ్లుగా అవిసెలు వేయడం పాత అలవాటు, చేను చుట్టూ పశువులు రాకుండా ముళ్ల కుసుమ వేస్తారు. ఫ్రేమ్‌కు కావలసిన మందు ఆమె డబ్బాలో ఉంది, పచ్చడికి వాడే అవిసెలతో పాటు. గానుగ నూనె పావు లీటరు సరిపోయింది. ఒక్కో రంధ్రంలోంచి పోసి, ఫ్రేమ్‌ను తలకిందులు చేస్తూ తిప్పి, మిగిలినది కార్చి, నీడలో వారాల పాటు వేలాడదీశారు. చేసేవాళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ నూనె తుడిచిన గుడ్డను ఉండగా చుట్టి మూలన పడేస్తే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

సామాను గురించి ఒక విచిత్రం ఉంది. ఇంగ్లండులోనో, అమెరికాలోనో ఇలాంటి రోడ్‌స్టర్‌ను బాగుచేసేవాళ్లు 28 అంగుళాల ఒకటిన్నర టైరు కోసం, కడ్డీ బ్రేకు కోసం వెతికి వెతికి, చివరికి మన దేశంలో తయారైనవే తెప్పించుకుంటారు. అక్కడ మ్యూజియంలోకి పోయిన సైకిలు ఇక్కడ ఇంకా దుకాణంలో అమ్ముడుపోతోంది. పుణెలో విక్రమ్ పెండ్సే సైకిల్ మ్యూజియం ఉంది, పాతవి చూడాలనుకునే వాళ్లు వెళ్లదగిన చోటు. కానీ కంగ్టి సైకిలుకు మ్యూజియం అవసరం ఇంకా రాలేదనే నేను అనుకుంటాను. టైర్లు, బ్రేకు కడ్డీలు, చెయిను, పుల్లలు నారాయణఖేడ్‌లోనూ హైదరాబాద్‌లోనూ దొరికాయి. దొరకనివి కప్పులు, అవి పాతవే మిగిలాయి.

దొరకని ఇంకొకటి సమయం. ఈ మండలంలో పాత ఇనుప సామాన్ల వాడు ఊరూరా తిరుగుతాడు. ఉల్లిగడ్డకో, ప్లాస్టిక్ బిందెకో సైకిలు మారిపోతుంది, కిలోల లెక్కన. ఇరవై కిలోలకు అటూఇటూ బరువుండే రోడ్‌స్టర్ వాడికి మంచి బేరం. దసరా, దీపావళి దాటాక తండాల నుంచి ఇప్పటికీ కుటుంబాలు చెరుకు నరకడానికి కర్ణాటక, మహారాష్ట్ర వైపు వలస పోతాయి. తాళం పడ్డ ఇంట్లో సామాను చూసుకునే దిక్కుండదు. తిరిగొచ్చేసరికి చెదలు, తుప్పు తమ పని తాము చేసుకుపోతాయి. తరాల నాటి వస్తువు ఇలా పోతుంటే బాధ కలుగుతుంది, ముఖ్యంగా దాన్ని నిలబెట్టగల చేతులు పక్క పట్టణంలోనే ఖాళీగా ఉన్నప్పుడు. ఆ చేతులకు వారసులు లేరు. చాచా కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. గ్యాసు వెల్డింగు మేస్త్రీ దగ్గర పనికి కుదిరిన కుర్రాళ్లు కరెంటు వెల్డింగే నేర్చుకుంటారు, కూలి దాంట్లోనే ఉంది. ఐటీఐల్లో వెల్డరు చదువు ఉంది. అందులో ఇత్తడి అతుకు కూడా నేర్పుతారు. ఆ పాఠాన్ని ఈ ముసలివాళ్ల దుకాణాలకు కలిపితే మంచిదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సైకిలు నిలబడింది. పాత నల్లరంగు మీద ఎక్కడికక్కడ గీతలు ఉన్నాయి, ఇత్తడి అతుకులు ఇప్పుడు రెండయ్యాయి. నీలం పెయింటును వెనక పైపుల మీద కొంత వదిలేశారు, పాలు పోసిన కొడుకు వేసింది కాబట్టి. క్యారియర్ పెట్టాలా వద్దా అని మనవడు అడిగితే, “పెట్టకుంటే సైకిల్ ఎందుకు” అని చాచా కసిరాడు. పెట్టారు.

అంగడి రోజు దాన్ని తొక్కుకుంటూ పోతే జనం ఆపి చూశారు. దెగుల్‌వాడి నుంచి వచ్చిన ఒకాయన తన ఇంట్లో డబుల్ బార్ హెర్క్యులిస్ ఉందని, లగ్గు దగ్గర విరిగిందని, కరెంటు వెల్డింగు పెట్టిద్దామనుకుంటున్నానని చెప్పాడు. పెట్టించొద్దని, ముందు చాచాకు చూపించమని చెప్పి నంబరు ఇప్పించాం. ఫోన్‌లో చాచా ఆయనతో కన్నడంలో మాట్లాడాడు, సీటు పైపు లోపల ఏముందో టార్చి వేసి చూడమన్నాడు, ఏ కప్పూ విప్పొద్దన్నాడు. వానలు మొదలయ్యేలోపు తీసుకురమ్మన్నాడు. వానలు పడితే గ్యాసు మేస్త్రీకి రైతుల పనిముట్లతోనే సరిపోతుంది, సైకిలు పని దసరాకు గానీ పట్టడు.